బండి బయలుదేరిందట

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్య తలుపు కొట్టింది. నెలలు నిండిన మనిషి. ఒక చేత్తో తలుపు పట్టుకుని, "అమ్మా, జర మీ ఫోన్ ఇస్తరా, మా ఆయన ఫోన్‌ల చార్జింగ్ లేదు" అంది. ఆ మాట పూర్తికాకముందే ఫోన్ ఆమె చేతిలో పెట్టాను. అంతటితో ఊరుకోలేదు. మళ్ళీ తీసుకుని, ఆమె చెప్పిన నంబరు నేనే నొక్కి, అవతల మోగుతున్నదని నా చెవితో విన్నాకే ఆమెకిచ్చాను. ఆమె వాళ్ళమ్మకు ఫోన్ చేసి, వచ్చేటప్పుడు ఊరి నుంచి కారప్పొడి తెమ్మని చెప్పుకుంది. అంతే సంగతి. ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయాక ఆ ఫోన్ నిజంగా వెళ్ళిందో లేదో మళ్ళీ తీసి చూసుకున్నాను.

దాని వెనక ముప్పై ఏళ్ళ నాటి ఒక వేసవి ఉంది. ఆ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

మా తాతకు పాలమూరు దిక్కున మూడు ఊళ్ళు ఉండేవి. అవి ఎలా పోయాయో చెప్పుకోవడం నా ఉద్దేశం కాదు. పోవలసినవే పోయాయని పెద్దయ్యాక తెలిసింది. నా చిన్నప్పటికి మిగిలింది అశోక్‌నగర్‌లో పెంకుల వసారా, ఎత్తైన దర్వాజాలు, గిలకబావి ఉన్న ఒక పాత ఇల్లు. దాన్ని ఇల్లు అంటే నాయనమ్మ ఒప్పుకునేది కాదు, దొరలుండే దేవిడీ అనాలి. నాన్న చిక్కడపల్లిలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు. అమ్మ కవాడిగూడలో ఒక ప్రైవేటు బళ్ళో పాఠాలు, సెలవుల్లో ట్యూషన్లు చెప్పేది. సెలవుల్లో పగలంతా ఇంట్లో నాయనమ్మ, నేను. నాయనమ్మ కూర్చుంటే వీపు కుర్చీకి ఆనేది కాదు. ఆనుకుని కూర్చునేటోళ్ళు వేరే ఉంటరు అనేది. నాకూ అదే వచ్చింది. నడుము నొప్పికి డాక్టరు కొనిపించిన దిండు ఇప్పటికీ కొత్తగానే ఉంది.

ముందు గదిలో, తాత ఫొటో కింద, మూడు కాళ్ళ బల్ల మీద నల్ల టెలిఫోన్ ఉండేది. దాని మీద నాయనమ్మ అల్లిన తెల్ల క్రోషియా గుడ్డ. ఆ వీధిలో మొదటి టెలిఫోన్ మాదే. పంపకాలప్పుడు పెద్దనాన్న ఆ లైనును బర్కత్‌పురలో తన కొత్తింటికి మార్పించుకున్నాడు. అక్కడ మీటల ఫోన్ పెట్టించుకున్నాడు కనుక పాతది మాకు వదిలేశాడు. దాని తీగ గోడలోకి వెళ్ళేది. గోడ అవతల ఏమీ ఉండేది కాదు. ఇది పెద్దనాన్న వాళ్ళకు, మా నలుగురికి తప్ప ఎవరికీ తెలియదు. క్రోషియా గుడ్డను మాత్రం ప్రతి శుక్రవారం ఉతికి ఆరేసేవాళ్ళం.

ఎవరైనా వచ్చి కూర్చుంటే నాయనమ్మ మాటల మధ్యలో నా వైపు తిరిగి, నాన్నకు ఫోన్ చేసి ఎప్పుడొస్తడో అడుగు అనేది. నేను లేచి, గుడ్డ మడిచి పక్కన పెట్టి, రిసీవర్ చెవికి ఆనించుకుని, అంకెల చక్రం తిప్పేదాన్ని. అది వెనక్కి తిరిగేటప్పుడు వచ్చే గరగర చప్పుడు నాకెంతో ఇష్టం. కాసేపు విన్నట్టు నిలబడి, "కలుస్తలేదు నాయనమ్మా" అని పెట్టేసేదాన్ని. ఈ లైన్లు ఎప్పుడూ ఇంతే అని నాయనమ్మ నిట్టూర్చేది. వచ్చినవాళ్ళు తమ ఇంటి లైను బాధలు చెప్పి వాళ్ళూ నిట్టూర్చేవాళ్ళు. ఇది మా ఇద్దరి ఆట. బాగా ఆడిన రోజు నాయనమ్మ నా అరచేతిలో కలకండ ముక్క పెట్టేది.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా పెరట్లో సగం బిల్డర్‌కు పోయింది. గోరింట చెట్టు, జామచెట్లు, ఒకప్పుడు తాత గుర్రబ్బండి నిలిపిన కొట్టం తీసేసి, అక్కడ నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్ లేపడం మొదలుపెట్టారు. పనివాళ్ళంతా పాలమూరు వాళ్ళు. మా గోడ పక్కనే రేకులతో, సిమెంటు సంచులతో గుడిసెలు వేసుకున్నారు. వాళ్ళ మాటతీరు చెవిన పడగానే నాయనమ్మ గోడ దగ్గరకు వెళ్ళి ఏ ఊరని అడిగింది. ఒక ముసలామె చెప్పిన ఊరు తాత మూడు ఊళ్ళలో ఒకటి. సంగతి తెలియగానే ఆ ముసలామె తల మీద కొంగు సర్దుకుని, "దొరసానీ" అని వంగింది. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ పిలుపు విన్న నాయనమ్మ ముఖం నాకింకా గుర్తు. ఆ రోజు నుంచి మా బావి వాళ్ళకు తెరిచింది. పొద్దున, సాయంత్రం గోడకున్న చిన్న తలుపు గడియ తానే తీసి, వాళ్ళు నీళ్ళు తోడుకునేదాకా పక్కన నిలబడేది.

ఆ వేసవికి ఒక వాసన ఉంది. తడిపిన గోడల సిమెంటు వాసన, పొయ్యిల్లో కాలే స్లాబ్ కింద ఆనించే పాత సెంట్రింగ్ చెక్కల నూనె పొగ, దాని మీద జొన్నరొట్టె మాడే కమ్మదనం. సాయంత్రాలు నాన్న నారాయణగూడ బేకరీ నుంచి ఉస్మానియా బిస్కెట్లు తెచ్చేవాడు. నాకు వాటికన్నా గోడ అవతలి రొట్టె మీదే ప్రాణం. నాయనమ్మ కునుకు తీయగానే చిన్న తలుపు దాటి ఇసుక కుప్ప ఎక్కేదాన్ని. మంజీర ఇసుకలో గోరంత నత్తగుల్లలు దొరికేవి. వాటిని ఏరుతున్నట్టు కూర్చుంటే ముసలామె కోడలు నా చేతిలో సగం రొట్టె, పచ్చిమిరప, ఎల్లిగడ్డ కలిపి నూరిన కారం పెట్టేది. వాళ్ళింట్ల తినొద్దని నాయనమ్మ ఆజ్ఞ. తిని, కళ్ళ నీళ్ళు తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు ఇంట్లోకి నడిచేదాన్ని.

ఆ కోడలు ఇసుక జల్లించేది. నాకన్నా ఏడెనిమిదేళ్ళు పెద్దదేమో. అందరితో వేళాకోళమే. నేను ఇసుక కుప్ప మీద కూడా బిగుసుకుని కూర్చుంటే, "ఏం చిన్న దొరసానీ, వీపుకు కట్టె కట్టి పంపిన్రా మీ ఇంట్ల" అనేది. అప్పటికే ఆమెకు ఏడో నెల. మొదటి బిడ్డ ఊళ్ళోనే పోయింది. గుడిసెలో రెండు రోజులు నొప్పులు పడి, చివరికి ఎడ్లబండి మీద రోడ్డు దాకా, అక్కడి నుంచి బస్సులో తాలూకా దవాఖానకు పోయేసరికి అంతా అయిపోయిందట. ఇది చెప్పేటప్పుడు ఆమె జల్లెడ ఆపలేదు.

ఆదివారాలు బాగ్ లింగంపల్లి నుంచి ఒకావిడ సైకిల్ మీద వచ్చేది. ఆడవాళ్ళ సంఘంలో పనిచేసేది. అందరూ సంఘమక్క అనేవాళ్ళు. చెక్కల మీద వాళ్ళతో పాటే కూర్చుని, కడుపుతో ఉన్నవాళ్ళు ఏం తినాలి, ఏ గుర్తులు కనబడితే ఆగకూడదు, కాన్పుల దవాఖానలో ముందుగా పేరెందుకు రాయించుకోవాలి, అన్నీ విడమరిచి చెప్పేది. నేను గోడ మీద నుంచి వినేదాన్ని. ఒకసారి ముసలామె అడ్డుకుంది. తాను పదిమందిని కన్నానని, ఏ దవాఖాన గడప తొక్కలేదని అంది. కోడలు తలెత్తకుండా, "పది మందిని కంటివి అత్తా, నలుగురు మిగిలిరి" అంది.

ఆ మర్నాడు కోడలు మేస్త్రీ ముందు నిలబడి ఒక పూట సెలవు కావాలని అడిగింది. భర్తతో అడిగించలేదు, తానే అడిగింది. సంఘమక్కతో కలిసి నారాయణగూడ దిక్కు కాన్పుల దవాఖానకు నడిచి వెళ్ళి, పేరు రాయించుకుని, కార్డు తెచ్చుకుంది. దాన్ని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి గుడిసె రేకు సందులో దాచింది. నాకు చూపించి, తన పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపమంది. చూపించాక అక్కడే తన వేలు పెట్టి చాలాసేపు ఉంచింది.

తర్వాతి ఆదివారం అక్క లెక్కగా అడిగింది: నొప్పులు మొదలైతే ముందు ఎవరికి చెప్పాలి, వెంట ఎవరు పోవాలి, బండి ఎట్ల. సంఘం ఆఫీసులో ఫోన్ ఉంది, ఒక వ్యాన్ ఉంది. కబురందితే పది నిమిషాల్లో వస్తుంది. చిక్కడపల్లి చౌరస్తాలో ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేయమని అక్క అంటుండగా, చిన్న తలుపు దగ్గర నిలబడ్డ నాయనమ్మ కలగజేసుకుంది.

"అంత దూరం ఎందుకు? మా ఇంట్ల ఉన్నది కద ఫోన్."

నేను నాయనమ్మ వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు. ముసలామె రెండు చేతులెత్తి దండం పెట్టింది. అక్క ఆఫీసు నంబరు కాగితం మీద రాసి నాకిచ్చి, చేయాల్సింది నువ్వేనని భుజం తట్టింది. లోపలికి వచ్చాక మెల్లగా అడిగాను. నాన్న కొత్త లైనుకు అర్జీ పెట్టిండు, కాన్పుకు ఇంకా రెండు నెలలున్నది, అప్పటికి రాదా అంది నాయనమ్మ. ఆ మాట ఆమె నిజంగానే నమ్మింది. అర్జీ పెట్టినవాళ్ళు ఏళ్ళ తరబడి కాచుకునే రోజులని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నాన్న అసలు చెప్పడు.

లైను రాలేదు. స్లాబ్ రోజు వచ్చింది.

స్లాబ్ రోజంటే ఆ మనుషులకు పండుగ, కొట్లాట రెండూ. మిక్సర్ ఒకసారి మొదలైతే పోత పూర్తయ్యేదాకా ఆగకూడదు; ఆగితే పాత కాంక్రీటుకు కొత్తది అతకదు. కింది నుంచి పైదాకా మనుషులు వరుసగా నిలబడి తట్టలు చేతి నుంచి చేతికి అందిస్తారు. ఒక్కరు తప్పుకుంటే రెండు పక్కలవాళ్ళ చేతులు అందవు. పని అయ్యాక మేస్త్రీ అందరికీ మాంసం వండిస్తాడు. నెలలు నిండాయని కోడలిని వరుసలో పెట్టకుండా, మిక్సర్ దగ్గర ఇసుక నింపే పనిలో పెట్టారు.

పదకొండు కావస్తుండగా ముసలామె చిన్న తలుపు తోసుకుని వచ్చింది. నాయనమ్మ వసారాలో ఆవకాయ కలుపుతున్నది. మోచేతి దాకా ఆవపిండి, నూనె.

"దొరసానీ, కోడలికి నొప్పులు. ఉమ్మనీరు పోయింది. ఆ సంఘం బండికి జర ఫోన్ జెయ్యమను చిన్న దొరసానిని."

నాయనమ్మ చెయ్యి గిన్నెలోనే ఆగింది. నా ముఖం చూసింది. "పోయి చెయ్యి" అంది, చుట్టాల ముందు ఎప్పుడూ అనే గొంతుతోనే. ఆమె ఏం ఆశించిందో నాకు తెలుసు. ఎప్పటిలాగే కలుస్తలేదు అంటాను, ముసలామె బూత్‌కు పరుగెత్తుతుంది, మా గుట్టు మాకు మిగులుతుంది. ఆ మాట అని ఉంటే చాలు. అది అబద్ధమైనా సరిపోయేది.

ముసలామె మొదటిసారి మా ముందు గది గడప దాకా వచ్చింది. సిమెంటు పట్టిన రెండు చేతులు జోడించి, ఫోన్ వైపు, నా వైపు చూస్తూ నిలబడింది. నేను గుడ్డ మడిచి పక్కన పెట్టాను. అక్క ఇచ్చిన నంబరే తిప్పాను. చెవిలో ఏమీ లేదు. అయినా, "హలో, సంఘం ఆఫీసేనా? అశోక్‌నగర్ నుంచి మాట్లాడుతున్న" అన్నాను. వీధి గుర్తులు చెప్పాను. అవతలివాళ్ళు మాట్లాడటానికి కావలసినంతసేపు ఆగాను. సరే సరే అని రిసీవర్ పెట్టేశాను.

"బండి బయలుదేరిందట. పది నిమిషాలల్ల వస్తదట."

ఎందుకలా అన్నానని నన్ను నేను చాలాసార్లు అడిగాను. భయం కాదు, అల్లరీ కాదు. ఆ ముసలామె కళ్ళలో మా ఇల్లు ఇంకా దేవిడీయే. ఆ కళ్ళ ముందు మా ఫోన్ పలకదని చెప్పడానికి నా నోరు రాలేదు. ఆమె వంగి నా పాదాలు ముట్టుకుంది. నాకు పదమూడేళ్ళు. నాయనమ్మ ఆవపిండి చేతులతో దర్వాజా దగ్గరకు వచ్చి అంతా చూసి, మళ్ళీ గిన్నె దగ్గరకు వెళ్ళింది.

బండి ఎక్కించడానికి వీలుగా ఉంటుందని కోడలిని తెచ్చి మా గేటు పక్క గోడ నీడలో గోనె మీద కూర్చోబెట్టారు. నేను చెంబుతో నీళ్ళిచ్చాను. నొప్పికీ నొప్పికీ మధ్య ఆమె నవ్వి, "మోటరెక్కుత ఇయ్యాల" అంది. మిక్సర్ చప్పుడులో ఆ మాట సగమే వినిపించింది. ఆమె భర్త పైన వరుసలో ఉన్నాడు. మేస్త్రీ పైనుంచి వంగి, ఆటో పిలవమంటారా అని అరిచాడు. ముసలామె చెయ్యి అడ్డంగా ఊపింది.

"ఒద్దు. దొరసానోళ్ళు ఫోన్ జేసిన్రు. బండి వస్తున్నది."

ఆ మాట విన్నాక నేను లోపలికి పరుగెత్తి, ఇప్పుడే బూత్‌కు పోయి నిజంగా ఫోన్ చేస్తానని నాయనమ్మతో చెప్పాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది. ఆవపిండి వాసన. "ఇప్పుడు పోతే, ఇందాక చేసిందేంది అంటరు" అంది. పట్టు గట్టిదేమీ కాదు. విడిపించుకోగలను. విడిపించుకోలేదు. అరగంటకు ముసలామె మళ్ళీ వచ్చింది. మళ్ళీ చక్రం తిప్పాను. దారిలో ఉందట అన్నాను.

ఇంకో అరగంట గడిచింది. చివరికి కోడలే లేచింది. గోడ పట్టుకుని నిలబడి, "బండి రాదు అత్తా. నేను నడుస్త" అంది. కార్డు చేతిలో పట్టుకుని, అడుగుకొకసారి ఆగుతూ, మా వీధి చివరి దాకా నడిచింది. అక్కడ ఎవరో ఆటో ఆపి ఎక్కించారు. ఎండలో ఆమె వీపు మలుపు తిరిగేదాకా చూశాను.

సాయంత్రానికి స్లాబ్ అయిపోయింది. మాంసం ఉడుకుతున్న వాసన గోడ దాటి వస్తుండగా ముసలామె ఒక్కతే తిరిగి వచ్చింది. ఆడపిల్ల, కడుపులోనే ఊపిరి ఆగిందట. తల్లికి గండం గడిచిందట. ఇంకో గంట ముందెందుకు తేలేదని డాక్టరమ్మ అడిగిందట. ముసలామె ఏడవలేదు. ఆ బండోని నోట్ల మన్ను పడ అని మాత్రం తిట్టింది. తిట్టి, మీరు మీ చేతనైంది చేసిన్రు అని నాయనమ్మకు దండం పెట్టింది.

మూడో రోజు సంఘమక్క మా ఇంటికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. ఆ రోజు పొద్దంతా ఆఫీసులో ఫోన్ పక్కన ఉన్నది తానేనని, ఒక్క ఫోన్ కూడా రాలేదని చెప్పింది. ఈ లైన్లు ఎప్పుడూ ఇంతే, వేరే ఎక్కడో కలిసి ఉంటది అంది నాయనమ్మ. అక్క బల్ల దగ్గరకు వెళ్ళి, నేను చేసినట్టే గుడ్డ మడిచి పక్కన పెట్టి, రిసీవర్ చెవికి ఆనించుకుంది. చాలాసేపు వింది. తిరిగి పెట్టేసి, గుడ్డ కప్పి, అంచులు సరిచేసింది.

"అమ్మా, మీ ఇంట్ల ఫోన్ లేకపోవుడు తప్పు కాదు. ఈ గల్లీల ఎంతమందికున్నది? లేదని ఒక్క మాట అంటే అయిపోతుండె. ఆమె నడిచన్నా పోతుండె."

"నా ఇంట్లకు వచ్చి నన్ను అడుగుతున్నవా?" అంది నాయనమ్మ. ఆమె వీపు అప్పుడు కూడా కుర్చీకి ఆనలేదు.

అక్క గడప దగ్గర ఆగి నాతో మాట్లాడింది. "నేను వాళ్ళకు చెప్ప. చెప్తే ఆ ముసలామె నన్నే తిడతది, మిమ్ముల ఒక్క మాట పడనియ్యది. నువ్వు చెప్పాలె బిడ్డా." తర్వాత ఆమె మా గడప తొక్కలేదు. గోడ అవతలికి మాత్రం ప్రతి ఆదివారం వస్తూనే ఉంది. నాయనమ్మ గుడిసెకు సన్నబియ్యం, కొత్త చీర పంపింది. ముసలామె వాటిని కళ్ళకద్దుకుందని నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళు చెప్పారు.

రెండు వారాలకు కోడలు మళ్ళీ జల్లెడ పట్టింది. నేను చెప్పాల్సిన వాక్యం ఒకటి తయారుచేసుకుని, స్నానం చేస్తూ, జడ వేసుకుంటూ పాఠంలా వల్లె వేసుకుని, ఒక మధ్యాహ్నం చిన్న తలుపు దాటాను. మా ఫోన్‌కు లైను లేదు, ఆ రోజు నేను ఎవరికీ ఫోన్ చేయలేదు. అంతే వాక్యం. కోడలు నన్ను చూసి ఇసుక కుప్ప మీద చోటు చూపించింది. వేళాకోళం ఆడలేదు. పాలు ఎండడానికి రొమ్ములకు గుడ్డ బిగించి కట్టుకుంది. అయినా రవిక ముందంతా తడిసి ఉంది. నేను నోరు తెరిచేలోపు ఆమే మొదలుపెట్టింది.

"అందరు బండోన్ని తిడుతున్నరు. బండోడేం జేస్తడు. తప్పు నాది చిన్న దొరసానీ. నొప్పులు తెల్లారకముందుకెల్లే ఉండె. స్లాబ్ దినం కద, పని ఆగుతదని ఎవ్వలికి చెప్పకపోతి. పోత అయినంక చెప్దామనుకున్న. అక్క చెప్పిందంత ఎరికుండి కూడ గట్ల జేస్తి."

జల్లెడ ఆపింది. ఆమె చేతిలో జల్లెడ ఆగడం నేను చూడటం అదే మొదటిసారి.

"నువ్వు సదువుకున్నదానివి. నిజం చెప్పు. పొద్దుగాల్నే చెప్తే నా బిడ్డ బతుకుతుండెనా?"

నా వాక్యం నాలుక మీదే ఉంది.

"అవునేమో" అన్నాను.

ఆమె తలూపింది. తనకు తెలిసిందే ఇంకొకరు చెప్పినట్టు. పిడికెడు ఇసుక పక్కకు తోసి, దొరికిన నత్తగుల్ల ఒకటి నా చేతిలో పెట్టి, పనిలో పడింది. నాలుగో స్లాబ్ అయ్యాక ఆ ముఠా వేరే చోటికి వెళ్ళిపోయింది. ప్లాస్టరింగ్‌కు వేరే మనుషులు వచ్చారు. వాళ్ళది ఏ ఊరో నాయనమ్మ అడగలేదు.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, నాయనమ్మ లేదు. ఫోన్‌లో ఆడిన అబద్ధానికి నేను ఇన్నేళ్ళూ నా పదమూడేళ్ళ వయసును, నాయనమ్మ పట్టుకున్న మణికట్టును అడ్డం పెట్టుకుంటూ వచ్చాను. ఆ "అవునేమో"కు అడ్డం పెట్టుకోవడానికి ఏమీ లేదు. అప్పుడు నన్ను ఎవరూ చూడటం లేదు, ఎవరూ పట్టుకుని లేరు, ఏ దేవిడీ పరువూ అక్కడ లేదు. ఒక తల్లి నిజం చెప్పమని అడిగింది, అంతే.

ఆమె బతికి ఉంటే యాభై దాటి ఉంటాయి. ఎక్కడున్నా నోరు మూసుకుని ఉండే మనిషి కాదు. ఏ సైటులోనో, ఏ ఊళ్ళోనో కడుపుతో ఉన్న పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని చెప్తూ ఉంటుంది: నొప్పులు రాంగనే చెప్పుండ్రి, పని అని దాచకుండ్రి, నేను దాచి నా బిడ్డను సంపుకున్న అని. వాళ్ళు ఆమె మాట నమ్ముతూ ఉంటారు.